దూడప్పటి దెబ్బ

పశువుల డాక్టరుగా ఊళ్లు తిరిగి రిటైరైనవాణ్ణి. మూగజీవాలు నాకు నేర్పిన పాఠాలివి. కొత్తగా పాడి పెట్టేవాళ్లకు పనికొస్తాయి.

1. తన్నే పశువును తిట్టే ముందు దాని చిన్నతనం కనుక్కోండి. పితకడానికి కూర్చుంటే తంతోందని, ఒట్టి పొగరుబోతని ఓ తొలిచూలు ఆవును చూపించారు. చెయ్యెత్తితే చాలు, ఒళ్లు ముడుచుకుని, కనుగుడ్లు తిప్పి, మూత్రం పోసేస్తోంది. అది బెదురు. దూడగా ఉన్నప్పుడు అది పాలు తాగుతుంటే కర్రతో కొట్టి తల్లి పొదుగు దగ్గర్నుంచి లాగేసేవారట.

2. బెదిరిన పశువు చేపదు. పాలు దిగాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదల కావాలి. భయంతో పుట్టే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. కొట్టేకొద్దీ ఎగచేపుకుంటుంది. ఆ తర్వాత జనం సూదిమందు కోసం పరిగెడతారు.

3. అన్నిటికీ జాతి మీద నెపం వెయ్యకండి. 1990ల్లో కెనడాలోని మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం ఎలుకల్ని పరిశీలించింది. తల్లి బాగా నాకి సాకిన పిల్లలు పెద్దయ్యాక నిబ్బరంగా ఉన్నాయి. అంతగా నాకించుకోనివి చిన్న అలజడికే బెంబేలెత్తాయి. పుట్టగానే పిల్లల్ని తల్లుల మధ్య మార్చి చూస్తే, వాటికి పెంచిన తల్లి తీరే వచ్చింది.

4. కొట్టకపోయినా, పట్టించుకోకపోతే చేటే. కుక్కపిల్ల మనిషికి మచ్చికయ్యేది ముఖ్యంగా 3 నుంచి 12 వారాల మధ్య. 14 వారాల దాకా మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన పిల్లలు అడవి జంతువుల్లా పారిపోయాయని 1961లో అమెరికా శాస్త్రవేత్తలు రాశారు. అలాగని తల్లి నుంచి తొందరపడి విడదీయకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధనే ఉంది.

5. బెదురు మాన్పడానికి మందు లేదు, ఓపికే. రోజూ అదే మనిషి, అదే వేళకు వెళ్లాలి. ముందు దాణా పెట్టి, గంగడోలు నిమిరి, ఆ తర్వాతే పొదుగు మీద చెయ్యి వెయ్యాలి. కొన్నిటికి పూర్తిగా పోదు. అలాంటిదాన్ని అమ్మితే కొనేవాడికి సంగతి చెప్పి అమ్మండి.

6. దూడను విప్పి కట్టే పని పిల్లలకు అప్పజెప్తాం. వాళ్లేమో తోక మెలిపెట్టి లాగుతారు. మెడ కింద ఓ చెయ్యి, వెనక తొడ మీద ఓ చెయ్యి వేసి నడిపిస్తే దూడ తనే కదులుతుంది. పాడి పని అక్కణ్ణుంచే నేర్పండి.