పూలనారు పసుపుబారుట – కారణ నిర్ణయము

గౌలిగూడ వంటి యిరుకు పేటలలో పొలము లేకున్నను, వాకిటనో మేడమీదనో కుండలలో బంతినారు పెంచుకొనవచ్చును. బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్యనాడు మొదలగును. బంతి విత్తిన రెండు, రెండున్నర నెలలకు గాని పూయదు. కావున ఆషాఢమున విత్తవలెను. శ్రావణమున నారు చెడినచో మరల విత్తుటకు వ్యవధి చాలదు. అందుచేత ఆకు పాలిపోయిన వెంటనే కారణమును సరిగా గుర్తింపవలెను.

ఒక యేడు మేమీ విషయమున పొరపడితిమి. నారు పసుపుబారగా, నత్రజని తక్కువైనదని యెంచి యూరియా నీరు పోసితిమి. మూడు దినములలో నారంతయు వాలిపోయెను. కుండ బోర్లించి చూడగా అడుగు రంధ్రము మూసికొనిపోయి, వేళ్లు నల్లబడి కుళ్లి యుండెను. కొరత యెరువులో లేదు. దోషము నిలిచిన నీటిలో నుండెను. కాబట్టి ముందుగా ఒక మొక్కను పెరికి వేరు చూడుడు. తెల్లని వేరున్నచో ఆకును పరీక్షింపుడు. విత్తుటాకులు తమంతట తాము పండి రాలుట సహజము. అది రోగము కాదు.

1. క్రింది ముదురాకు అంతయు సమముగా పసుపుబారి, మొక్క యెదుగనిచో నత్రజని లోపము.
2. ముదురాకు అంచులు మాడినచో పొటాషు లోపము.
3. ముదురాకున ఈనెలు పచ్చగానుండి, నడుమ పసుపైనచో మగ్నము లోపము.
4. మొక్క గిడసబారి, ఆకు ఊదాఛాయ పొందినచో భాస్వర లోపము కావచ్చును.
5. ఈనెలు పచ్చగానుండి, లేత చిగురే పాలిపోయినచో ఇనుము లోపము.

మొదటి నాలుగింటిని మొక్క ముదురాకునుండి తీసి చిగురున కంపగలదు. కనుక ముదురాకే ముందు చెడును. ఇనుమునట్లు కదలింపలేదు, కనుక చిగురు ముందు చెడును.

పాత యిండ్లు పడగొట్టిన చోటి మన్నున సున్నపు పెల్లలుండును. సున్నమున్నచోట ఇనుము మంటిలో నున్నను వేరునకందదు. ఆ మంటిపై నిమ్మరసము పిండి చూడుడు. నురుగు పొంగినచో సున్నమున్నదని తెలియును. అట్టి మన్ను మార్చుట మేలు. అంతవరకు లీటరు నీటిలో 2 గ్రాముల అన్నభేది, కొన్ని చుక్కల నిమ్మరసము కలిపి సాయంకాలమున ఆకులపై చల్లవలెను.

నత్రజనికి బాగుగా మాగిన పశువుల యెరువు చాలును. పచ్చిపేడ వేయరాదు, అది వేడెక్కి లేతవేళ్లను మాడ్చును.

ఏ మందైనను ముందు రెండు మొక్కలకే యిచ్చి వారము దినములు చూడుడు. చెడిన ఆకు మరల పచ్చబడకపోవచ్చును. క్రొత్తగా వచ్చు ఆకే సాక్షి. రెండు మొక్కలు పోయినను తక్కినవి పండుగకు పూయును. తొందరపడి అన్నింటికిని పోసినచో, మావలెనే బజారు పూలు కొనవలసి వచ్చును.