పరిగె గింజలును ఇంటి పొయ్యియు

పాఠము: రూతు 1, 2, 4 అధ్యాయములు, లేవీయకాండము 19:9-10, 1 తిమోతి 5:3-16



పైనుండి వచ్చు సహాయము ఇంటిని నిలువబెట్టునా, కూలద్రోయునా అను ప్రశ్న మన మధ్య తరచుగా వినబడుచున్నది. పింఛన్లు, పథకములు వచ్చి జనులు సోమరులైరని కొందరందురు. అవి లేనియెడల మా పొయ్యి వెలుగదని కొందరందురు. రావులపాలెము అరటి మార్కెట్టులో గెలలు మోయువారి యిండ్లలోను, గెలలు కొనువారి యిండ్లలోను ఈ రెండు మాటలు నడచుచునే యున్నవి. ఈ మాసము వాక్యమును చేతబట్టుకొని ఈ సంగతిని నిదానముగా పరిశీలింతము.

1. పరిగె ధర్మము

చేను కోయువాడు అంచులు పూర్తిగా కోయరాదు. రాలిన పరిగెను తాను ఏరుకొనరాదు. దానిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెను. ఇది ధర్మశాస్త్రము. ఇందు మూడు సంగతులు గమనింపుడి.

మొదటిది, పరిగె బిచ్చము కాదు. యజమానునికి దయ పుట్టినప్పుడు ఇచ్చునదియు కాదు. అది బీదవాని పాలు. రెండవది, ఏరుకొనువారు వంగి ఏరుకొనవలెను. వరికోతల తరువాత మన చేలలో పరిగె ఏరిన అమ్మమ్మలకు ఆ నడుము నొప్పి తెలియును. మూడవది, ఏరినది ఇంటికి చేరవలెను. రూతు సాయంకాలమువరకు ఏరి, దుళ్లగొట్టి, సుమారు తూమెడు యవలను అత్తయైన నయోమి యొద్దకు తెచ్చెను. తాను తినగా మిగిలినదానిని సహా ఆమెకిచ్చెను. పరిగె ఆ యిద్దరు విధవరాండ్రను విడదీయలేదు. ఒక కప్పు క్రింద నిలిపెను.

కావున సహాయమును తూచుటకు మనకొక తూనిక దొరకినది. ఎంత ఇచ్చిరి అని మాత్రమే అడుగకుడి. అది ఇంటిని కలిపినదా, చీల్చినదా అని అడుగుడి.

2. దూరదేశపు పాఠము

అమెరికాలోని నల్లజాతివారి చరిత్ర మనకు కనువిప్పు కలిగించును. వారి పితరులు బానిసలుగా నున్న కాలములో యజమాని భర్తను ఒకచోట, భార్యను ఒకచోట, బిడ్డను వేరొకచోట అమ్మగలిగెను. 1865లో బానిసత్వము రద్దయ్యెను గాని, భూమియు సమానమైన కూలియు వారికి దొరకలేదు. 1935లో ఆ దేశపు ప్రభుత్వము తండ్రి పోషణ లేని పిల్లలకు ధనసహాయము నియమించెను. అయితే కొన్ని రాష్ట్రములు దానికొక షరతు తగిలించినవి. తల్లితో ఏ పురుషుడైనను సంబంధము కలిగియున్నట్లు తెలిసినయెడల పిల్లల సహాయము ఆగిపోవును.

అలబామా రాష్ట్రములో నలుగురు పిల్లలుగల ఒక విధవరాలు తెల్లవారుజామున మూడున్నరకే వంటపనికి పోయి వారమునకు 16 మొదలు 20 డాలర్లు సంపాదించుచుండెను. ఒక పురుషుడు ఆమె యింటికి వచ్చుచున్నాడని 1966లో ఆమె పిల్లల సహాయము నిలిపివేసిరి. ఈ షరతువలన ఆ రాష్ట్రములో సుమారు 16,000 మంది పిల్లలు సహాయము కోల్పోయిరి. 1968లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసెను.

అంతకుముందు 1965లో డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ అను అధికారి, నల్లజాతి శిశువులలో దాదాపు నాలుగవ వంతు వివాహము లేని తల్లులకు పుట్టుచున్నారని నివేదిక వ్రాసెను. దానిని చదివిన అనేకులు నేరమును ఆ జాతిమీద మోపిరి. అయితే నేడు ఆ దేశములో అన్ని జాతుల శిశువులను కలిపి లెక్కించినను, 100కి సుమారు 40 మంది ఆలాగే పుట్టుచున్నారు. ఇది ఒక జాతి రక్తములోని దోషము కాదని దీనివలన స్పష్టమగుచున్నది. 1996లో సహాయమునకు అయిదేండ్ల గడువు పెట్టి, పని చేయవలెనని కట్టడి చేసిరి. సహాయము పొందువారి సంఖ్య బహుగా తగ్గెను. కాని విడిన యిండ్లు దానివలన తిరిగి కట్టబడలేదు. తప్పు షరతు ఇంటిని చీల్చగలదు. సహాయమును తగ్గించినంతమాత్రమున చీలిన యిల్లు అతుకుకొనదు.

3. మన ఆంధ్రదేశములో

1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యము ఇయ్యనారంభించెను. కూలి దొరకని దినములలో ఆ బియ్యము అనేక గుడిసెలలో అన్నమైనది. అయితే ఊరూర సారాయి దుకాణము కూడ తెరచియుండెను. ఒక చేత వచ్చినది మరియొక చేత పోయెను. దీనిని పండితులకంటె ముందు మన తల్లులే కనిపెట్టిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో మద్యనిషేధమును సడలించిరి. ఆ స్త్రీలు బియ్యము వద్దనలేదు. బియ్యము పొయ్యివరకు చేరనిమ్మనిరి.

2020లో అమ్మ ఒడి అను పేరుతోను, 2025నుండి తల్లికి వందనము అను పేరుతోను ప్రభుత్వమిచ్చు సొమ్ము తల్లి ఖాతాలో పడుచున్నది. బిడ్డ బడికి పోవుట దానికి షరతు. ఇట్టి షరతు ఇంటిని చీల్చునది కాదు. భర్తనుండి వేరుపడిన స్త్రీకి పింఛను ఇచ్చుటయు న్యాయమే. ఆమె గడపలో ఎవరి చెప్పులున్నవోయని తొంగిచూచుట అలబామా అధికారుల పని. సంఘపు పని కాదు.

4. తల్లి లేని ఇల్లు

కోనసీమనుండియు నరసాపురపు ప్రాంతమునుండియు ఎందరో తల్లులు ఇంటిపనికై కువైటు, ఒమాను మొదలగు దేశములకు పోయిరి, పోవుచున్నారు. ఎలీమెలెకు కుటుంబము మోయాబుకు పోయినదియు కరవువలననే. వాక్యము ఆ ప్రయాణమును గూర్చి వారిని నిందింపలేదు. మనమును ఈ తల్లులను నిందింపకూడదు. వారు పంపిన సొమ్ముతో అప్పులు తీరినవి, డాబాలు లేచినవి, ఆడపిల్లలు నర్సులైరి.

అయినను ఒక్కమాట. అలబామాలో తండ్రి ఇంట లేనియెడలనే సహాయము. ఇక్కడ తల్లి ఇంట లేనియెడలనే జీతము. రెండింటి షరతు ఒక్కటే: ఇంటిలో ఒకరు లేకుండవలెను. ఆ ఖాళీని డబ్బు నింపదు. అమ్మమ్మ కొంత నింపును, తండ్రి నింపవలెను.

మరి సోమరి ఎవరు? పింఛనుతో గంజి కాచుకొను విధవరాలా? భార్య పరదేశములో అంట్లు తోమి పంపిన సొమ్ముతో పగలు పేకాటలోను, రాత్రి బ్రాందీ షాపులోను గడపు ఆరోగ్యవంతుడా? తన ఇంటివారిని సంరక్షింపనివానిని గూర్చి 1 తిమోతి 5:8లో పౌలు పలికిన కఠినమైన మాట ఎవరికి తగులునో చదివి తెలిసికొనుడి. పరాధీనత యనుమాట బీదలమీద విసరుటకు ముందు దానిని సరియైన గడపకు చేర్చుడి.

5. మనము చేయదగినది

పోవు సహోదరి తన పేరనే బ్యాంకు ఖాతా తెరచి, ఇంటి ఖర్చునకు ఇంతయని నిర్ణయించి మిగిలినది నిలువచేసికొనవలెను. ప్రభుత్వ లైసెన్సు లేని ఏజెంటును నమ్మకూడదు. మన దేశపు కట్టడి ప్రకారము అట్టి పనికి పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. వయస్సు పెంచి వ్రాయించువాడు ఆమెను ఆపదలోనికి నెట్టుచున్నాడు. కువైటులో 2015 నాటి చట్టము ఇంటిపనివారికి వారమున కొకదినము సెలవు నియమించినది. వారి సమ్మతి లేక యజమాని పాస్‌పోర్టు ఉంచుకొనరాదనియు చెప్పుచున్నది. ఇది ఆమె విమానమెక్కకముందే తెలిసికొనవలెను.

ఇంటనున్న తండ్రి వంట నేర్చుకొనుట అవమానము కాదు. బిడ్డ జడ వేయుట, బడి సమావేశమునకు పోవుట అతని ధర్మము. సంఘపెద్దలు అట్టి యిండ్లను నెలకొకసారియైనను దర్శింపవలెను. బోయజు పరిగె విడిచి ఊరకుండలేదు. నాల్గవ అధ్యాయములో గుమ్మమునొద్ద పెద్దలయెదుట కూర్చుండి ఆ యింటిని నిలువబెట్టు భారమును తనమీద వేసికొనెను. గింజలతో మొదలైన ఉపకారము నయోమి ఒడిలో మనుమనితో ముగిసెను.

ఆలోచనకు ప్రశ్నలు

1. మన ఇంటికి వచ్చు సహాయములలో ఏది పొయ్యివరకు చేరుచున్నది? ఏది దారిలో పోవుచున్నది?
2. మన సంఘములో తల్లి పరదేశముననున్న పిల్లలు ఎందరు? వారి పేర్లు మనకు తెలియునా?
3. గలతీయులకు 6:2, 6:5 కలిపి చదువుడి. ఒకరి భారమొకరు మోయుటకును, ఎవని బరువు వాడే మోయుటకును భేదమేమి?

బోయజు పొలమువంటి పొలములును, రూతు చేతులవంటి చేతులును, నయోమి ఒడివంటి ఒడులును మన గోదావరి గ్రామములలో విస్తరించునట్లు ప్రార్థింతము.