సమన్లు అందితే ముందు కోర్టు పేరు చదవండి

సరిహద్దు అంటే ఏమిటో భద్రాచలం వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2014లో ఊరు తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక, కూనవరం, చింతూరు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ వేరయ్యాయి. ఇల్లు భద్రాచలంలో, పొలం ఎటపాకలో ఉన్నవాళ్ల పొలం తగాదా ఆంధ్ర వైపే తేలాలి. అమెరికా వెళ్తున్న మన పిల్లలు ఈ ఎరుకను వెంట తీసుకెళ్లాలి. న్యాయం ఎవరిదన్నది తర్వాత. వినే అధికారం ఏ కోర్టుకుందో ముందు చూసుకోవాలి.

అక్కడ రాష్ట్ర కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. అద్దె, విడాకులు, చేబదులు, కారు ప్రమాదం వంటివి మామూలుగా రాష్ట్ర కోర్టుకే వెళ్తాయి. ఫెడరల్ చట్టం మీద నడిచే కేసు ఫెడరల్ కోర్టు వింటుంది. అది కాకపోతే ఇరుపక్షాలు వేర్వేరు రాష్ట్రాల పౌరులైనా కావాలి, ఒకరు అమెరికా పౌరుడు, రెండోవారు విదేశీయుడైనా కావాలి. దావా విలువ 75,000 డాలర్లు దాటాలి.

హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. మీరు డాలస్‌లో, మీ దగ్గర అప్పు తీసుకున్న స్నేహితుడు న్యూజెర్సీలో ఉన్నా, ఇద్దరూ భారత పౌరులే కదా. బాకీ లక్ష డాలర్లైనా ఈ దారిన ఫెడరల్ కోర్టుకు వెళ్లలేరు. ఇద్దరూ ఒప్పుకున్నా కుదరదు.

అమెరికా పౌరుడు రాష్ట్ర కోర్టులో మీ మీద అంత పెద్ద దావా వేస్తే మాత్రం, దాన్ని ఫెడరల్ కోర్టుకు మార్చుకునే వీలు మీకుంటుంది. రిమూవల్ అంటారు. గ్రీన్‌కార్డు వచ్చి, ఇద్దరిదీ ఒకే రాష్ట్రమైతే ఆ వీలు పోతుంది. జడ్జి అనుమతి ముందుగా అక్కర్లేదు, నోటీసు దాఖలు చేస్తే చాలు. గడువు దావా కాగితాలు అందాక 30 రోజులే. దయచేసి ఆ కవరును పక్కన పడేయకండి. ప్రమాదం కేసైతే అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి పంపండి, వకీలును కలవండి. కేసు మారాక ఏ ఊరు వెళ్లాలన్నది కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో నాలుగు ఫెడరల్ జిల్లాలున్నాయి. ఇర్వింగ్ ఉత్తర జిల్లాలోకి, ఫ్రిస్కో తూర్పు జిల్లాలోకి వస్తాయి.

సంసారం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంటలో భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి తీర్పు చేతిలో ఉందని రెండో పెళ్లికి తొందరపడితే ఇద్దరాడవాళ్ల జీవితాలు నలిగిపోతాయి.

ఊళ్లో భూమి తగాదా అమెరికా కోర్టు తేల్చదు. ఏజెన్సీలో 1/70 (గిరిజన ప్రాంతాల భూబదలాయింపు నిబంధన) కేసులు మామూలు సివిల్ కోర్టుకు కూడా రావు, ఏజెన్సీ అధికారుల దగ్గరే నడుస్తాయి. నాన్నకో అన్నకో పవరాఫ్ అటార్నీ పంపాలంటే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించమని ఇంట్లో గట్టిగా చెప్పండి.