చీకటి విలువ

రాయచూరు నుంచి మాన్వి, పోతనాళ మీదుగా సింధనూరు వెళ్ళే దారిలో జవళగేర అనే ఊరు ఉంది. తుంగభద్ర కాలువ నీటితో వరి పండే ప్రాంతమది. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. 1980 ఫిబ్రవరిలో అక్కడ మరో రకం క్యాంపు వెలిసింది. అది శాస్త్రవేత్తల క్యాంపు.

ఆ నెల 16వ తేదీ మాఘ అమావాస్య. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుని నీడ పడమటి తీరాన భారతదేశంలో ప్రవేశించి, రాయచూరు జిల్లా మీదుగా తెలంగాణ వైపు సాగింది. నీడ దారిలో ఉన్నందువల్ల బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ జవళగేరను ఎన్నుకొని పరికరాలను నిలిపింది. సూర్యుని చుట్టూ కరోనా అనే పలుచని వాయుమండలం ఉంది. సూర్యుని ప్రచండమైన వెలుగులో అది మామూలుగా కంటికి కనపడదు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన కొద్ది నిమిషాలలో మాత్రమే వెండి కిరీటంలా మెరుస్తుంది. ఆ కొద్ది నిమిషాల కోసమే అంత శ్రమ. ఆనాడు ఎందరో భయంతో తలుపులు మూసుకొని ఇళ్ళలోనే ఉండిపోయారు. శాస్త్రవేత్తలు మాత్రం తగిన జాగ్రత్తలతో కరోనాను ఫోటోలు తీశారు.

ఆ సంస్థకు అప్పటి డైరెక్టరు డాక్టర్ వేణు బాప్పు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. గ్రహాలను, నక్షత్రాలను పరికరాలతో పరిశీలించే చోటును వేధశాల అంటారు. చిన్ననాడే దూరదర్శినితో పరిచయం కలిగిన బాప్పు, నిజాం కళాశాలలో చదివి, అమెరికాలో పై చదువు చదువుతూ 1949లో ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు.

నిజామియా వేధశాల చరిత్ర గొప్పది. నవాబు జాఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి దూరదర్శినిని తెప్పించి, దానిని నెలకొల్పారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు మార్చింది. ఆకాశం మొత్తాన్ని దేశదేశాల వేధశాలలు పంచుకొని నక్షత్రాల పట్టిక తయారుచేసిన మహాకార్యంలో హైదరాబాదుకూ ఒక భాగం దక్కింది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అక్కడ లెక్కకట్టారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది.

కాలక్రమంలో నగరం పెరిగింది. వీధిదీపాల వెలుగు గాలిలోని దుమ్ము మీద పడి చెదిరి, ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. మసక నక్షత్రాలు అందులో కలిసిపోతాయి. దూరదర్శిని ఎంత పెద్దదైనా చీకటి లేకపోతే ప్రయోజనం తక్కువ. అందుచేత విశ్వవిద్యాలయం హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల దూరాన, జపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర కొత్త వేధశాలను కట్టింది. 1968లో అక్కడ 48 అంగుళాల అద్దం గల దూరదర్శిని పని ప్రారంభించింది. అప్పటికి దేశంలో అదే పెద్దది.

అక్కడ ముఖ్యంగా జంట నక్షత్రాలను పరిశీలించారు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఒకటి రెండవదానికి అడ్డువచ్చినప్పుడు మొత్తం వెలుగు తగ్గుతుంది. అదీ ఒక విధమైన గ్రహణమే. వెలుగు ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది అని కొలిస్తే నక్షత్రాల పరిమాణాన్ని అంచనా కట్టవచ్చు. విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చదివే విద్యార్థులు ఇక్కడ రాత్రులు మేలుకొని ఈ పని నేర్చుకున్నారు. 1980 గ్రహణం నాటి చంద్రుని నీడ జవళగేరను దాటి రంగాపూర్ మీదుగా కూడా సాగింది. దానిని చూడడానికి విదేశీ శాస్త్రవేత్తలు ఆ పల్లెకు వచ్చారు.

నగరం ఇంకా విస్తరించింది. దీపాల వెలుగు రంగాపూర్ వైపు కూడా పాకింది. చీకటిని వెతుక్కుంటూ శాస్త్రవేత్తలు మరింత దూరం వెళ్ళారు. లడఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల అద్దం గల దూరదర్శిని ఉంది. బెంగుళూరు దగ్గరి హొసకోటెలో కూర్చొని, ఉపగ్రహం ద్వారా దానిని నడుపుతారు. 2022లో హాన్లే ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి గ్రామస్థులు దీపాలకు మరుగు పెట్టి, వెలుగు పైకి పోకుండా చూస్తారు. శిక్షణ పొందిన యువతీయువకులు వచ్చినవారికి ఆకాశాన్ని చూపి వివరిస్తారు. చీకటిని కాపాడడం వారికి జీవనోపాధి కూడా అయింది.

అడవిని, చెరువును కాపాడుకున్నట్లే రాత్రి ఆకాశాన్ని కూడా కాపాడుకోవాలి. అందుకు దీపాలు మానవలసిన పని లేదు. వెలుగు నేల మీద పడేటట్లు దీపానికి కప్పు అమర్చి, అవసరం లేనప్పుడు ఆర్పితే చాలు. వెలుగు తక్కువగా ఉన్న పల్లెలో, అమావాస్య రాత్రి మేడ మీద నిలబడి తల ఎత్తిన పిల్లవానికి, పెద్ద నగరంలోని పిల్లవానికి కనపడని వేల నక్షత్రాలు కనిపిస్తాయి. ఆ సంపద పల్లెది.