చెట్టుకప్పల చుట్టరికం తేల్చే చదువు

వానాకాలం రాత్రి బాత్‌రూంలో లైటు వేయగానే గోడకు అతుక్కుని, పెద్ద కళ్లతో కదలకుండా కూర్చునే గోధుమరంగు కప్పను మీరు చూసే ఉంటారు. వేళ్ల చివర గుండ్రటి డిస్కులు ఉంటాయి కాబట్టి నున్నటి టైల్ మీద కూడా జారదు. దాని శాస్త్రీయ నామం పాలిపెడేటిస్ మాక్యులేటస్, మన మామూలు చెట్టుకప్ప. నీళ్లతొట్టి గోడకు సబ్బునురగ లాంటి గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలాక తోకకప్పలు కింద నీళ్లలోకి జారిపడతాయి.

అమెజాన్ అడవుల్లోనూ ఇలాంటి వేళ్లతోనే చెట్లెక్కే కప్పలున్నాయి. పక్కపక్కన పెడితే అన్నదమ్ములే అనిపిస్తాయి, కానీ కావు. మన చెట్టుకప్పలది రాకోఫోరిడే కుటుంబం, వాటిది హైలిడే. జన్యువుల లెక్క ప్రకారం మన చెట్టుకప్పకు అమెజాన్ చెట్టుకప్ప కన్నా వరిమడిలో అరిచే బుల్‌ఫ్రాగే దగ్గరి చుట్టం. అంతకన్నా దగ్గరివాళ్లు మడగాస్కర్ దీవిలో ఉన్నారు, మాంటెల్లిడే కుటుంబం వాళ్లు. చెట్టుమీది బతుకు ఇక్కడా, అమెజాన్‌లోనూ విడివిడిగా ఒకేలాంటి వేళ్లను తయారుచేసింది. పోలిక చూసి చుట్టరికం కలపకూడదు. వర్గీకరణ శాస్త్రంలోకి వచ్చేవారు మొదట నేర్చుకునేది ఇదే.

ఈ శాస్త్రానికి మన దేశంలో పడమటి కనుమలకు మించిన బడి లేదని నా అభిప్రాయం. అక్కడి పొదల్లో బొటనవేలి గోరంత కప్పలుంటాయి. వీటికి తోకకప్ప దశే ఉండదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికొస్తుంది. ఒకప్పుడు వీటిని ఫిలాటస్ అనే ప్రజాతిలో కలిపేసేవారు. 2010లో కప్పల పరిశోధకుడు ఎస్.డి.బిజు బృందం జన్యు ఆధారాలతో వేరుచేసి, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో కప్పలను అధ్యయనం చేసిన సి.ఆర్.నారాయణరావు పేరు మీద ‘రావోర్కెస్టిస్’ అని పెట్టింది. 2014లో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఎస్.పి.విజయకుమార్, కార్తీక్ శంకర్ బృందం ఈ ఒక్క ప్రజాతిలోనే తొమ్మిది కొత్త జాతులను ప్రకటించింది. ఇప్పుడు వీటి సంఖ్య డెబ్బై దాటింది. 2016లో ఇంకో విశేషం. శతాబ్దానికి పైగా ఎవరి కంటా పడని ఒక చెట్టుకప్ప ఈశాన్య రాష్ట్రాల్లో చెట్టు తొర్రల్లో దొరికింది. తల్లి తన గుడ్లనే పిల్లలకు మేతగా పెడుతుంది. ఆ కప్ప కోసం ఫ్రాంకిక్సాలస్ అని కొత్త ప్రజాతినే సృష్టించాల్సి వచ్చింది.

ఇక పని ఎలా ఉంటుందంటే, సగం రాత్రి అడవిలో, సగం పగలు కంప్యూటర్ ముందు. వాన కురుస్తుంటుంది, కాళ్లకు జలగలు, నుదుటికి టార్చి. ‘టిక్ టిక్’ మని పిలుస్తున్న మగకప్పను వెతికి, ముందు దాని పిలుపు రికార్డు చేయాలి. గాలి ఉష్ణోగ్రత కూడా అప్పుడే రాసుకోవాలి. చలి పెరిగితే పిలుపు నెమ్మదిస్తుంది, ఆ అంకె లేకపోతే రెండు రికార్డింగులను పోల్చలేం. తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో కొలతలు, ఇథనాల్‌లో చిన్న కణజాలం ముక్క. ల్యాబ్‌లో 16ఎస్ లాంటి జన్యువుల వరుస చదివి, సాఫ్ట్‌వేర్‌తో వంశవృక్షం గీస్తారు. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అడవిలో కప్పను ముట్టుకోకూడదు.

ఇంటర్ బైపీసీ తర్వాత ఐఐఎస్‌ఈఆర్ ప్రవేశ పరీక్ష రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చేయొచ్చు. తిరుపతి ఐఐఎస్‌ఈఆర్‌లో పడమటి కనుమల పక్షుల పరిణామంపై వి.వి.రాబిన్ ల్యాబ్ పనిచేస్తోంది. కప్పలకు కావాల్సిన పద్ధతులూ దాదాపు అవే. డిగ్రీలో జువాలజీ చదివినవారికి డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లలో వన్యప్రాణి పీజీ కోర్సులున్నాయి, సీట్లు మాత్రం తక్కువ. పీజీ చేసి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 వస్తాయి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ వారి లాకోన్స్ ల్యాబ్, జువలాజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రం, ఉస్మానియా జువాలజీ విభాగం ఉన్నాయి. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ అడగడానికి వెనుకాడొద్దు.

అమ్మానాన్నలు అడిగే ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. శాశ్వత ఉద్యోగాలు తక్కువే. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది, ప్రాజెక్టు పోస్టులు కాలపరిమితితోనే ఉంటాయి. అందుకే కప్పలతోపాటు ఆర్ ప్రోగ్రామింగ్, జన్యు సమాచార విశ్లేషణ తప్పకుండా నేర్చుకోండి. అవి వస్తే బయోటెక్ కంపెనీల తలుపులూ తెరిచే ఉంటాయి. జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకూ అర్హత ఉంది. మరోవైపు పని కుప్పలుగా ఉంది. 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. పేరే లేని జాతిని కాపాడమని ఏ అధికారినీ అడగలేం.

కాలేజీ సీటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. తొలకరి పడిన రాత్రి మీ ఊరి చెరువు గట్టుకు తోడు ఎవరినైనా తీసుకుని వెళ్లండి. కప్పలను పట్టుకోకుండా ఐదు నిమిషాలు ఫోన్‌లో పిలుపులు రికార్డు చేసి, తేదీ, సమయం, చోటు, ఉష్ణోగ్రత రాసుకోండి. ఎన్ని రకాల గొంతులు వినిపించాయో లెక్కపెట్టి, ఆ కాగితం పట్టుకుని మీ జువాలజీ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి.