ఆకుకూరలలో ఎర్రనల్లి – పాలీహౌసు రైతులకు సూచనలు

చీపురుపల్లి, గరివిడి ప్రాంతములలో పాలీహౌసులోను, నీడవల క్రిందను ఆకుకూరలు వేయు రైతులు ఎండలు ముదిరిన పిమ్మట ఎర్రనల్లి విషయమై జాగ్రత్త వహించవలెను. ఆరుబయట మడిలో ఒక గట్టివాన నల్లిని చాలవరకు కడిగివేయును. పాలిథిన్ కప్పు క్రింద వాన పడదు, వేడియు హెచ్చు. నల్లిని తిను అక్షింతల పురుగులు తెర దాటి లోనికి సులువుగా రాలేవు.

గుర్తించుట

ఎర్రనల్లి సాలెపురుగునకు దగ్గర బంధువు. ఎదిగిన నల్లికి 8 కాళ్ళుండును. పొడవు అర మిల్లీమీటరు మాత్రమే. ఆకు అడుగున చేరి రసము పీల్చును. ఆకు పైన సూదిమొనతో గ్రుచ్చినట్లు తెల్లని చుక్కలు కనబడును. ముదిరినచో ఆకు కంచురంగు తిరిగి, సన్నని గూడు అల్లుకొనును. గూడు కనబడువరకు ఆగరాదు. ఆకును తెల్లకాగితముపై తట్టి భూతద్దముతో చూడవలెను. రాలిన చుక్కలు కదలినచో అవి నల్లులే. ఎండకాలములో గ్రుడ్డు నుండి ఎదిగిన నల్లి యగుటకు వారము పది దినములు చాలును. ఒక ఆడనల్లి 100 వరకు గ్రుడ్లు పెట్టగలదు.

మందుల విషయము

తోటకూర సుమారు 25–30 దినములలో కోతకు వచ్చును. వంగలో మందు ఆకుపై పడినను మనము తినునది కాయ. ఆకుకూరలో మందు పడిన ఆకునే తిందుము. అందుచే మందు చివరి మార్గము కావలెను. సైపర్‌మెత్రిన్ వంటి మందులు మిత్రపురుగులను చంపుటచే నల్లి మరింత పెరుగును. పాత పుస్తకములు చెప్పిన డైకోఫాల్‌ను భారత ప్రభుత్వము 2023లో నిషేధించినది, మిగిలియున్నను వాడరాదు.

చేయవలసిన పనులు

1. వంగ, బెండ మొక్కలను కూరమడుల ప్రక్కన ఉంచరాదు. గోంగూర బెండ కుటుంబములోనిదే. లోపలను, చుట్టును కలుపు తీయవలెను.

2. వారమునకు రెండుసార్లు, తలుపు వద్దను, అంచులలోను ముందుగా చూడవలెను.

3. నల్లి కనబడగానే ఉదయము ఆకుల అడుగుభాగము తడియునట్లు నీటిని జోరుగా కొట్టవలెను. రెండు మూడు దినములకొకసారి మరల చేయవలెను. రాత్రికి ఆకు ఆరియుండవలెను.

4. తగ్గనిచో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి, ముందు కొన్ని మొక్కలపై పరీక్షించి, సాయంకాలము చల్లవలెను. గ్రుడ్లు మిగులును గనుక వారములో మరల చల్లవలెను.

5. యూరియా హెచ్చుగా వేయరాదు, మడులను ఎండనీయరాదు. రెండును నల్లికి అనుకూలములే.

6. కోతకు దగ్గరపడిన మడిలో నల్లి కనబడినచో మందు చల్లక, ముందుగానే పెరికి మంచి కూరను అమ్ముకొనవలెను. చెడిన మొక్కలను సంచిలో మూటకట్టి బయటకు చేర్చి కాల్చవలెను. ఆ మడిపని చివర చేయవలెను; నల్లి బట్టలకంటి ప్రక్కమడికి ప్రాకును.

ఏ మందైనను డబ్బాపై ఆ కూర పేరు, కోతకు ముందు ఆగవలసిన గడువు చూడక కొనరాదు. సందేహమున్నచో నల్లిపట్టిన ఆకును మూసిన కవరులో పెట్టి రైతు సేవా కేంద్రమునకు తీసికొనిపోయి చూపవలెను.