డబ్బా వెనకవైపు చదవండి

ప్రశ్నలు - జవాబులు

బండ్లకు సింథటిక్ ఆయిల్ పోయించడం గురించి వచ్చిన ఉత్తరాలివి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాను.

ప్రశ్న: నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. బండి స్ప్లెండర్ ప్లస్. రోజుకి నూరు నూట ఇరవై కిలోమీటర్లు తిరుగుతుంది. ఫుల్లీ సింథటిక్ పోయిస్తే మైలేజీ పెరుగుతుందని, ఆరు నెలలు ఆయిల్ మాటే ఎత్తక్కర్లేదని మా మెకానిక్ అంటున్నాడు. ధర చూస్తే మామూలు దానికి రెట్టింపు. పోయించమంటారా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పోయించుకుంటే నష్టం లేదు గానీ, ఆరు నెలల మాట మాత్రం నమ్మకండి. మీరు తిరిగే లెక్కన ఆరు నెలలంటే పద్దెనిమిది వేల కిలోమీటర్ల పైమాటే. మీ బండిలో కార్లకుండే కాగితం ఆయిల్ ఫిల్టరు లేదు. ఇంజిన్ కుడివైపు మూత విప్పితే క్లచ్ దగ్గర ఒక గుండ్రటి గిన్నె ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ ఆయిల్‌లోని బరువైన మడ్డిని అంచుకి విసిరికొట్టి అంటిస్తుంది. అడుగున ఒక చిన్న జల్లెడ. అంతే. సన్నటి మసి, పెట్రోలు అవశేషాలు ఆయిల్‌లోనే తిరుగుతుంటాయి. అవి బయటికి పోవాలంటే ఆయిల్ దింపడం ఒక్కటే దారి. ఖరీదైన ఆయిల్ అయినా ఈ మురికిని మోయాల్సిందే.

అసలు సింథటిక్ అంటే ఏమిటో చెబుతాను. ముడిచమురును శుద్ధి చేసి తీసిన మామూలు ఆయిల్‌లో చిన్నా పెద్దా అణువులు కలగాపులగంగా ఉంటాయి. ఫ్యాక్టరీలో ఒకే తీరుగా కట్టిన అణువులతో చేసింది అసలైన సింథటిక్. పీఏవో అనే గ్రూప్ 4, ఎస్టర్లుండే గ్రూప్ 5 ఈ కోవలోవి. మధ్యలో గ్రూప్ 3 ఒకటుంది. అది ముడిచమురు నుంచే వస్తుంది, కాకపోతే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేస్తారు. దాన్ని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీలు తగువుపడ్డాయి. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ అనొచ్చని తేల్చింది. అప్పట్నుంచి ‘ఫుల్లీ సింథటిక్’ అన్న డబ్బాలో గ్రూప్ 3 ఉండడం మామూలైపోయింది. అది మంచి ఆయిలే, మోసమేమీ కాదు. ఆ రెండు మాటలూ చూసి అంతంత డబ్బు పెట్టాలా అన్నదే నా అనుమానం.

మీ పనికి సింథటిక్ వల్ల కలిసొచ్చేది వేడి తట్టుకోవడం. సిగ్నల్ దగ్గర బండి ఆగితే ఇంజిన్ రెక్కలకి గాలి తగలదు, ఆయిల్ కాగిపోతుంది. అక్కడ సింథటిక్ నిదానంగా పాడవుతుంది. రెండోది గేర్లు. బండిలో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఒకటే ఆయిల్ కదా, చిక్కదనం నిలవడానికి అందులో కలిపే పాలిమర్లను గేరు పళ్లు నలిపి ముక్కలు చేస్తాయి. కొన్నాళ్లకి ఆయిల్ పలచబడి, గేరు వేస్తే టక్కుమంటుంది, న్యూట్రల్ దొరకదు. సింథటిక్‌కి ఈ పాలిమర్లు తక్కువ సరిపోతాయి గనక ఆ తిప్పలూ తక్కువే.

మైలేజీ సంగతంటారా, టైర్లలో గాలి, గొలుసు బిగువు సరిచూసుకుంటే అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. నా సలహా: డబ్బా మీద 10డబ్ల్యూ-30, జాసో ఎంఏ అని ఉన్న మామూలు ఆయిల్ గానీ, సెమీ సింథటిక్ గానీ పోయించి, మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లు దాటకుండా మార్పించండి. వారానికోసారి మట్టం చూడండి. సెంటర్ స్టాండ్ వేసి ఇంజిన్‌ని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. ఇంకో రెండు మూడు నిమిషాలాగి స్టిక్ తీసి గుడ్డతో తుడవండి. మళ్లీ పెట్టేటప్పుడు మర తిప్పి బిగించొద్దు, ఊరికే ఆనించి తీయండి. రెండు గీతల మధ్య తడి ఉండాలి. పై గీత దాటేలా పోయడం కూడా తప్పే, ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, ఎయిర్ ఫిల్టర్లోకి ఎక్కుతుంది. లీటరులోపు ఆయిల్‌తో నడిచే బండి మీది, అందులో రెండొందల మిల్లీలీటర్లు తగ్గినా పెద్ద లోటే.

ప్రశ్న: మా కారుకి సర్వీసు చేయించగా 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ లీటరు పైన మిగిలింది. మంచి ఆయిలే కదా అని పల్సర్ 150లో పోయించాను. ఇప్పుడు గిద్దలూరు ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకి లాగడం లేదు. క్లచ్ ప్లేట్లు పోయాయా?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: పోయి ఉండకపోవచ్చు, జారుతుండొచ్చు. కారులో క్లచ్ పొడిగా, ఇంజిన్ బయట ఉంటుంది. మీ బండిలో ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. ఒకే ఆయిల్ బేరింగుల దగ్గర జారాలి, క్లచ్ ప్లేట్ల దగ్గర పట్టాలి. కారు ఆయిల్ తయారుచేసేవాళ్లకి ఆ రెండో బాధ లేదు. పెట్రోలు ఆదా కోసం రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి ప్లేట్ల మీద చేరాయంటే పట్టు పోతుంది. పైగా 5డబ్ల్యూ-30 మీ బండికి బాగా పలచన.

ఈ గొడవ తీర్చడానికే జపాన్ వాళ్లు 1998లో జాసో టీ903 అనే ప్రమాణం తెచ్చారు. ఎంఏ అంటే తడి క్లచ్‌కి సరిపడా పట్టు ఉన్నది. ఎంబీ అంటే జారుడు ఎక్కువ ఉన్నది. 2006లో ఎంఏని ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు, ఎంఏ2ది ఎక్కువ పట్టు. ఇది చిన్న పెట్టెలో డబ్బా వెనక అచ్చేసి ఉంటుంది. ఇంకో గుర్తు: ఏపీఐ వాళ్ల గుండ్రటి ముద్ర కింది అంచున ‘రిసోర్స్ కన్జర్వింగ్’ అని ఉంటే, అందులో ఎంత గొప్ప సింథటిక్ ఉన్నా తడి క్లచ్ బండికి వద్దు.

ముందు క్లచ్ కేబుల్ చూడండి. లివర్ చివర కొంచెమైనా వదులు ఉండాలి, మరీ బిగిసి ఉన్నా ఇలాగే జారుతుంది. కేబుల్ బాగుంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే కారు ఆయిల్ మొత్తం దింపి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడు, జాసో ఎంఏ రకం చవకది పోయించండి. మూడు నాలుగొందల కిలోమీటర్లు తిప్పి అదీ దింపేసి కొత్తది పోయండి. చాలా బండ్లకి ఇంతటితోనే పట్టు తిరిగొస్తుంది. మాడు వాసన వస్తున్నా, రెండోసారి మార్చాక కూడా జారుతున్నా ప్లేట్లు మార్చక తప్పదు. మిగిలిన కారు ఆయిల్ గేటు మడతబందులకి వాడుకోండి.

ప్రశ్న: మావారి బండికి కొన్న 10డబ్ల్యూ-30 ఎంఏ ఆయిల్ నా యాక్టివాలో పోయొచ్చా? గ్రేడు ఒకటే కదా.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పోస్తే పాడేమీ కాదు. యాక్టివాకి క్లచ్ ఆయిల్‌లో ఉండదు, బెల్టుతో పాటు పొడిగా తిరుగుతుంది. అందుకే హోండా వాళ్లు ఎంబీ చెబుతారు, కొంచెం తేలిగ్గా నడుస్తుంది. ఈసారికి ఎంఏ పోయండి, వచ్చేసారి ఎంబీ కొనండి. మీ ఎంబీ డబ్బా మాత్రం మీవారి బండికి ఇవ్వకండి, ఆయన క్లచ్ జారుతుంది.

ప్రశ్న: మాది రెంటచింతల. మా ఎండల సంగతి మీకు తెలియందేముంది. నా ఆర్15కి 10డబ్ల్యూ-40 అని పుస్తకంలో ఉంది. ఈ వేడికి అది నీళ్లయిపోతుందని, 20డబ్ల్యూ-50 పోయాలని షాపాయన పట్టుబడుతున్నాడు.

జవాబు: డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర స్టార్టింగ్‌కి పరీక్షిస్తారు. లంబసింగిలో కూడా ఆ చలి రాదు గనక, ఆ అంకె కోసం మనం తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెనకున్న అంకె నూరు డిగ్రీల దగ్గరి చిక్కదనం. బయట 47 డిగ్రీలున్నా 30 ఉన్నా మీ ఇంజిన్‌లో ఆయిల్ నూరు చుట్టుపక్కలకి చేరాల్సిందే. ఆర్15కి రేడియేటరు ఉంది, వేడిని అదుపులో ఉంచే పని దానిది. కూలెంట్ మట్టం, రేడియేటరు రెక్కల్లో బురద చూసుకోండి. 40 పోయమని కంపెనీ చెప్పిన చోట 50 పోస్తే పంపు తోయడానికి కష్టపడుతుంది, పికప్ మందగిస్తుంది. మీరు అడగలేదు గానీ, సింథటిక్‌కి డబ్బు పెట్టాలంటే ఇలాంటి బండికే పెట్టాలి. ఇంజిన్ జోరుగా తిరుగుతుంది, సన్నటి దారుల్లోకి ఆయిల్ వెళ్లాలి. 10డబ్ల్యూ-40, ఎంఏ2, ఫుల్లీ సింథటిక్ తీసుకోండి.

ప్రశ్న: నాన్నగారి పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఉంది. ప్రేమకొద్దీ ఫుల్లీ సింథటిక్ పోయిద్దామనుకుంటున్నాను.
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రేమ వేరే విధంగా చూపించండి. ఆ ఇంజిన్‌లో భాగాల మధ్య సందులు ఎక్కువ, గ్యాస్కెట్లు పాతవి. సింథటిక్ పోస్తే పేరుకున్న పాత మడ్డిని కడిగేస్తుంది, ఆ మడ్డి ఇన్నాళ్లూ మూసిన కారుడు తెరుచుకుంటుంది. సింథటిక్ సీళ్లను తినేస్తుందని జనం అనేది ఇది చూసే. 20డబ్ల్యూ-50 మినరల్ చాలు, కాస్త ముందుగానే మారుస్తుండండి. ఇంకో మాట, మీ బుల్లెట్‌లో ఇంజిన్‌కి, ప్రైమరీ చైన్ కేసుకి, గేర్‌బాక్స్‌కి మూడు వేర్వేరు అరలు. క్లచ్ ఉండేది చైన్ కేసులో. చాలామంది ఇంజిన్ ఆయిల్ మార్చి మిగతా రెంటినీ ఏళ్ల తరబడి మర్చిపోతారు. ఆ రెండూ ఈ వారమే విప్పి చూపించండి. ఇప్పటి క్లాసిక్ 350కి ఈ కథ వర్తించదు, దానికి 15డబ్ల్యూ-50 సెమీ సింథటిక్ అని కంపెనీయే చెబుతుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా బండి సీటు దాకా మునిగింది. అప్పుడు ఆయిల్ రెండుసార్లు మార్పించాం. ఇప్పుడు మళ్లీ ఆయిల్ మూత లోపల తెల్లటి నురగ. నీళ్లు ఇంకా ఉన్నాయా? సింథటిక్ పోస్తే పోతుందా?
- ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వరద నీళ్లు ఇన్నాళ్లు ఉండవు. బండి షాపు వరకే, కిలోమీటరు దూరమే తిరుగుతుందని రాశారు. అదే కారణం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపల చెమ్మ పట్టి మూత దగ్గర నురగ కడుతుంది. స్టిక్ తీసి చూడండి. స్టిక్ మీద ఆయిల్ తేటగా ఉండి నురగ మూతకే ఉంటే, వారానికోసారి అరగంటపాటు ఉండవల్లి దాకా తిప్పి తీసుకురండి, అదే ఆవిరైపోతుంది. స్టిక్ మీది ఆయిల్ కూడా పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, ఆ ఆయిల్‌తో బండి నడపొద్దు. సింథటిక్ అయినా నీళ్లను మాయం చేయలేదు. మీలా తక్కువ తిప్పేవాళ్లు కిలోమీటర్లు చూడకుండా ఏడాదికోసారైనా ఆయిల్ మార్చాలి. ఇంకెప్పుడైనా బండి మునిగితే కిక్ కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. ముందు ఆయిల్ దింపించి, ప్లగ్గు విప్పించి, ఆ తరవాతే మిగతా పని.

ప్రశ్న: ఆర్ఎక్స్ 100 కొన్నాను. పొగ తక్కువ రావడానికి బండ్లకి పోసే సింథటిక్ ఇంజిన్ ఆయిల్ టూటీ ట్యాంకులో పోయొచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోయకూడదు! టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో పాటు కాలిపోవాలి. ఫోర్ స్ట్రోక్ ఆయిల్ కాలితే బూడిద మిగులుతుంది, ప్లగ్గుకి, పిస్టన్‌కి పట్టేస్తుంది. జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉన్న టూటీ ఆయిల్ కొనండి, పొగ తగ్గేది దానివల్లే. ఆర్ఎక్స్‌కి ఆటోల్యూబ్ పంపు ఉంది, పెట్రోలులో కలపనక్కర్లేదు. పాత యజమాని ఆ పంపు పీకేసి ఉంటే మాత్రం ప్రతిసారీ కలపాల్సిందే, అదొక్కటీ మెకానిక్‌తో చూపించి తేల్చుకోండి. గేర్‌బాక్స్ ఆయిల్ వేరే, అక్కడే క్లచ్ కూడా ఉంది.

ప్రశ్న: కొత్త ఆయిల్ ఐదొందల కిలోమీటర్లకే నల్లబడింది. డూప్లికేటేనా?
- ముగ్గురు పాఠకులు

జవాబు: రంగు చూసి చెప్పలేం. మసిని కడిగి తనలో కలుపుకునే ఆయిల్ నల్లబడాలి, అది దాని పని. నకిలీ భయం మాత్రం నిజమే, ఖాళీ డబ్బాలు మళ్లీ నింపి అమ్మేవాళ్లున్నారు. విడి ఆయిల్ కొనకండి. సీలు మీ ఎదురుగా విప్పించండి, బ్యాచ్ నంబరు, తయారైన నెల చెరిపినట్టుంటే వెనక్కివ్వండి. పోయడం అయ్యాక ఖాళీ డబ్బా అడిగి తీసుకుని, స్క్రూడ్రైవరుతో అడుగున రెండు బొక్కలు పొడిచి అప్పుడు పారేయండి.